అధీకృతుడు యాడుంటాడు?

ఓబులమ్మకి చెవులు పోయినాయి. ఒక్కరోజులో పోలేదు, కొంచెం కొంచెంగా పోయినాయంట. ముందు పిచ్చికల కూత పోయింది, తర్వాత కోడి కూత పోయింది, ఆఖరికి మొగుడి కూత కూడా పోయింది, దానికి మాత్రం ఆమె పెద్దగా బాధపడలేదంట. నవ్వబాకండి మే, చెనక్కాయలు ఒలవండి, మీ చేతులాగితే నా నోరాగిపోతాది. ఈ ఓబులమ్మ ఎవురంటే కుమ్మరి తిరుపాలు పెళ్ళాం. కత రాసుకునేదానికి వచ్చిన అయ్యా, ఊరి పేరు కుంకుళ్ళపల్లె అనుకో, ఏదో ఒకటి అనుకో. చక్రం తిప్పేది తిరుపాలు, కుండలు కాల్చే ఆము పేర్చేది అతని తమ్ముడు గురవడు, కానీ ఆము విప్పిన రోజు మాత్రం పెత్తనమంతా ఓబులమ్మదే. ఏం చేస్తాదంటే, కాలిన కుండలన్నీ వరసగా పెట్టించి, మధ్యలో పీటేసుకొని కూర్చొని, ఒక్కొక్కదాన్ని వేలి మెటికతో తడతాది. కంగుమనిందా, మంచి కుండ. బొంగురుగా పలికిందా, యాడో వెంట్రుకంత పగులుంది, కంటికి కనపడదు, నీళ్ళు పోస్తే కారుతాది. అది పక్కకి. ఓబులమ్మ తట్టిన కుండంటే సంతలో మళ్ళీ ఎవురూ తట్టి చూసేవాళ్ళు కాదంట, అంత నమ్మకం.

అట్లాంటిదానికి చెవులు పోయె. చెప్పుకోడానికి నామోషీ. చెప్పకుండానే ఆము కాడ కూర్చొని తట్టింది, ఇది మంచిది, ఇది మంచిది అని అన్నీ ఒకపక్కకే పెట్టింది. ఏమైందంటే, అందులో కొన్ని పెళ్ళికి పోయిన అరివేణి కుండలు. పెళ్ళి పీటల పక్కన నీళ్ళు నింపి పేర్చితే, ఒక కుండ కారి కారి, తాళి కట్టే టయానికి పెళ్ళికొడుకు కింద మడుగైంది. చూసినోళ్ళు ఏమనుకొని ఉంటారో నేను చెప్పను. ఆ పెళ్ళికొడుకు తరపోళ్ళు ఆము దాకా వచ్చి, అపశకునం కుండ అంటగట్టినారని నోటికొచ్చినట్టు తిట్టిపోయినారు. ఆ రోజే తోడికోడలు సుంకులమ్మ ఈమె కింద పీట లాగేసింది. పో అక్కా, పోయి పిడకలు చెయ్యి, చెవిటోళ్ళు కూర్చునే తావు కాదిది అనె. మాట ఇనపడలేదు గానీ పీట పోయింది తెలిసింది గదా. ముప్పై ఏళ్ళు కూర్చున్న పీట. ఏడ్చిందంట. నేనైతే సుంకులమ్మ జుట్టు పట్టుకొని ఉందును, ఆమె ఏడ్చింది, మంచిది కాబట్టి.

తిరుపాలు చూసి చూసి, ఇంట్లో పాలిచ్చే ఎనుమునమ్మి టవునుకి పోయి, చెవి మిషను తెచ్చినాడు. చింతగింజంత ఉంటాది, చెవి వెనక తగిలించుకుంటే చీమ నడిచినా ఇనపడతాదంట. తగిలించుకోగానే ఆమెకి ఇనపడిన మొదటి మాట ఏంది చెప్పండి. తిరుపాలు గొణుగుడు. ‘దీనెమ్మ, ఎనుము పోయె’ అంటా ఉన్నాడు పాపం, ఆమెకి ఇనపడదనే అలవాటులో. ‘ఎనుము పోతే పోయింది, మా యమ్మనెందుకంటావు’ అనిందంట ఓబులమ్మ. ఆయన దడుచుకొని రెండడుగులు ఎనక్కేసినాడు. మరుసటి ఆముకి నేరుగా పోయి, సుంకులమ్మా లెయ్, అనింది. సుంకులమ్మ లేచింది. లేవక ఏం చేస్తాది, కుండ పలికేది ఆమెకే గదా.

ఏడాది తిరిగింది. ఒకరోజు ఆ మిషను కుయ్యిమని, గమ్మునైపోయింది. ఎండాకాలం ముందరి పెద్ద ఆముకి ఇంగ నెలరోజులు లేదు. తిరుపాలు మిషను గుడ్డలో కట్టుకొని కంపెనీ షాపుకి పోయినాడు. చల్లటి గది, మెడకి గుడ్డ బిగించుకున్న షాపాయన. దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, ఇది పాత రకమండీ, కాలం చెల్లింది, కొత్తది తీసుకోండి అన్నాడు. ‘దానికి చెల్లిందేమో గానీ నా పెళ్ళానికి చెల్లలేదు సామీ, కొంచెం విప్పి చూడు.’ ‘మేము విప్పకూడదు.’ ‘మీరు అమ్మిందే గదా.’ ‘అమ్మడం వరకే మేము.’ ‘సరే, ఇటియ్యి, మా ఊళ్ళో వాచీల దస్తగిరి ఉన్నాడు, చీమ గుండెకాయైనా విప్పి బిగిస్తాడు.’ అప్పుడు షాపాయన లోపల నుంచి కాగితం తెచ్చి, వేలు పెట్టి చదివి వినిపించినాడు. ‘ఈ పరికరమును అధీకృత వ్యక్తి మాత్రమే విప్పవలెను. ఇతరులు విప్పినచో పరికరము స్వాధీనపరచుకొనబడును.’ రాసుకునే అయ్యా, ఈ మాట సరిగా రాసుకో, అ-ధీ-కృ-తు-డు, కత అంతా దీని మీదే ఉంది. అంటే ఏందో నాకూ చాన్నాళ్ళకి గానీ తెలియలేదు, కంపెనీ సరేనని చీటీ రాసిచ్చినోడంట. ఆ ముక్క తెలుగులో చెప్పి ఏడవొచ్చు గదా. మా తిరుపాలుకి యాడ తెలుస్తాది? ఆయన అది మనిషి పేరనుకున్నాడు.

‘ఆ అధీకృతుడు యాడుంటాడు సామీ?’ అన్నాడు. ‘ఇక్కడ లేరు.’ ‘మరి యాడ?’ ‘పైన ఉంటారు.’ తిరుపాలు తలెత్తి పైకి చూసినాడు, ఫ్యాను తిరుగుతా ఉంది. ‘ఎప్పుడు దిగుతాడు సామీ?’ ‘చెప్పలేం.’ అయ్యో, అంత పెద్దాయనా అనుకొని దండం పెట్టి ఊరికొచ్చేసినాడు. ఊళ్ళో చెప్పినాడు, అధీకృతుడని ఒకాయనున్నాడంట, దేశంలో మిషన్లన్నీ ఆయనొక్కడే విప్పాలంట అని. ‘ఒక్కడేనా పాపం, అన్నం ఎప్పుడు తింటాడో’ అన్నారంట ఆడోళ్ళు. పేరు చూస్తే అయ్యవార్ల పేరు మాదిరి ఉంది అని ఒకరు, కాదు ఉత్తరాదోడై ఉంటాడని ఒకరు. చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్ళలో విచారించినారు. ఒక ఊళ్ళో ఆదికేశవులున్నాడు, ఇంకో ఊళ్ళో ఆదిశేషుడున్నాడు, అధీకృతుడు మాత్రం లేడు.

ఇంతలో ఏమైందంటే, సర్కారు చట్టం చేసింది. మన సర్కారు కాదబ్బా, కతలో సర్కారు, నామీద కేసు పెట్టించబాకండి. మైకు కట్టుకొని ఆటో వచ్చింది. ‘ప్రజలారా! ఇకనుంచి మీరు కొన్న వస్తువు మీదే! దాన్ని బాగుచేయించుకునే హక్కు మీదే!’ అరుగు మీద కూర్చున్న పుల్లమ్మవ్వ ఆటోకి అడ్డంపోయి, ‘ఇన్నాళ్ళూ ఎవురిదిరా నాయనా?’ అని అడిగిందంట. ఆటోవోడు మైకు ఇంకా పెంచి, పాటేసుకొని పోయినాడు. తిరుపాలుకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆ చట్టం కాగితం ఒకటి సంపాదించి, మళ్ళీ షాపుకి పరిగెత్తినాడు. షాపాయన నవ్వినాడంట. ‘అవునండీ, చాలా మంచి చట్టం, మేము కూడా స్వాగతించాం. హక్కు మీదే. లోపలి సామాను కూడా ఇస్తాం.’ ‘ఇయ్యి మరి.’ ‘మీకు కాదండీ. కింద చదవండి.’ కింద చీమతలకాయంత అక్షరాలు. చదివితే ఏముంది? అధీకృత వ్యక్తి. మళ్ళీ ఆయనే! అంటే ఏందప్పా, ఆకేసి, అన్నం పెట్టి, నెయ్యి పోసి, ‘తినండి తినండి, నోరు మాత్రం మేం పంపిస్తాం’ అన్నట్టు గదా. అట్లా ఉంటాది మర్యాద.

ఆముకి ఇంగ పది రోజులుంది. సుంకులమ్మ అప్పుడే పీట కడిగి ఎండబెట్టిందంట. ఓబులమ్మ అన్నం తినడం మానేసింది. అప్పుడు పుల్లమ్మవ్వ అనింది, ‘ఒరే, ఆ పేరుగలోడు దొరకకపోతే, ఉన్నోడికి ఆ పేరు పెట్టండిరా. మనకి పేర్లు పెట్టడం రాదా ఏంది?’ అందరికీ అది నిజమే అనిపించింది. దస్తగిరిని పిలిచినారు. అరవై ఏళ్ళ మనిషి, కంటికి భూతద్దం బిగించుకొని వాచీలు చేసుకుంటా ఉండేవాడు. ‘నాకిప్పుడు పేరేందే, మా దర్గా సామి పేరు నాది, తీసేస్తే ఊరుకోను’ అన్నాడు. ‘తీసేదెవురన్నా, అది ఇంటి పేరు, ఇది పనిలో పేరు’ అని ఓబులమ్మే బతిమాలింది, ఆయన ఏమన్నాడో ఇనపడకపోయినా మూతి చూసి కనుక్కొని. సరేనన్నాడు. ఇంగ చూడు, పళ్ళెంలో బియ్యం పోసినారు, బియ్యంలో పేరు రాసినారు, పసిబిడ్డల ఉయ్యాల తొట్లో పట్టడు గదా, ఒక కాలు మాత్రం తొట్లో పెట్టమన్నారు. పుల్లమ్మవ్వ ఆయన చెవిలో మూడుసార్లు చెప్పింది, అధీకృతుడా, అధీకృతుడా, అధీకృతుడా. అందరికీ బెల్లం పెసలు పంచినారు. గురవడు రెండుసార్లు పెట్టించుకున్నాడంట.

కాలు తొట్లోంచి తియ్యగానే దస్తగిరి మిషను చేతికి తీసుకున్నాడు. దానికి రెండు మరలు, తలకాయలు మూడు మూలలుగా ఉన్నాయి. లోకంలో ఏ స్క్రూడ్రైవరూ పట్టదు. ఎందుకట్లా చేసినారంటే, పట్టకూడదనే. అంత తెలివి ఇనపడేదానికి పెట్టి ఉంటే ఎంత బాగుండు. దస్తగిరి పాత గొడుగు పుల్లొకటి తీసి, రాయి మీద మూడు మూలలుగా నూరి, అట్లా పెట్టి ఇట్లా తిప్పినాడు, వచ్చేసింది. లోపల చూస్తే ఆము బూడిద, దాని కింద తెగిన తీగ, తల వెంట్రుకంత. ఊది, కుంచెతో దులిపి, తీగకి చుక్క సీసం అంటించి బిగించినాడు. తమలపాకు నమిలేంత సేపు పట్టిందంట. ఓబులమ్మ చెవికి పెట్టుకొని, అరుగు మీద కుండని మెటికతో తట్టింది. కంగుమనింది. ‘అన్నా!’ అనింది, ఇంగ ఇంట్లో ఉన్న కుండలన్నీ తట్టుకుంటా పోయింది.

ఇప్పుడు చూడండి మా తిరుపాలు పని. గమ్మునుండొచ్చు గదా! పోయి షాపాయనకి చెప్పొచ్చినాడు. ఎందుకంటే, పాపం వాళ్ళు కూడా ఆ అధీకృతుడి కోసం ఎదురుచూస్తా ఉన్నారని! ‘సామీ, అధీకృతుడు మా ఊళ్ళోనే దొరికినాడు, మీకు కావాల్నంటే మీరూ పంపించండి’ అన్నాడంట. మంచోడికుండే జబ్బది. రెండోరోజుకి కంపెనీ జీపొచ్చింది. ఓబులమ్మ చెవి వెనక నుంచి మిషను తీసుకొని, సంచిలో వేసి, లక్క ముద్ర వేసినారు. ఆము విప్పే దినానికి ముందురోజు విచారణ అన్నారు, ఫిర్యాదుల సారు కచేరిలో. ఊరంతా ట్రాక్టరెక్కి పోయింది.

ఆ కచేరి వరండాలో, అబ్బో, మూడేళ్ళ నుంచి తిరుగుతా ఉన్న జనం. లోపల సారు కూర్చున్నాడు, నెమ్మదైన మొఖం. కంపెనీ లాయరు గంటసేపు చెప్పినాడు, సారు తల ఊపినాడు. తిరుపాలు రెండు ముక్కలు చెప్పి ఏడ్చినాడు, సారు తల ఊపినాడు. ‘ఎంత ఓర్పు గల మనిషి’ అనుకున్నారంట జనం. ఓబులమ్మకి ఏమీ ఇనపడదు గదా, మొఖాలే చూస్తా ఉంది. ఇంతలో బంట్రోతు చేతిలోంచి ఇనప ట్రంకుపెట్టె జారి బండల మీద పడింది. కచేరి అదిరింది, లాయరు ఎగిరిపడినాడు, పసిబిడ్డొకటి ఏడ్చింది. ఓబులమ్మ చూసింది, అందరూ దడుచుకున్నారు, సారు మాత్రం తల ఊపుతానే ఉన్నాడు. అంతే, నేరుగా పైకి పోయి, సారు చెవి వెనక తొంగి చూసింది. అదే కంపెనీ, అదే మిషను. ‘అయ్యో సారూ, నీది కూడా పోయిందే!’ అని గట్టిగా అరిచింది. బంట్రోతు అప్పుడు తల దించుకొని చెప్పినాడంట, ‘ఏడు నెలలాయెనమ్మా. అధీకృతుడి కోసం పైకి రాసినాం, జవాబు రాలే. బయటికి చెప్తే సారు ఉద్యోగం పోతాది.’ చూసినారా, చట్టం నడిపించే సారుకే దొరకలేదు, మనకి దొరుకుతాడా!

ఓబులమ్మ చేత్తో సైగ చేసింది. సారు చెవి వెనకది తీసి ఆమె చేతిలో పెట్టినాడు. దస్తగిరి జేబులోంచి గొడుగు పుల్ల తీసినాడు. లాయరు ‘చెల్లదు, చెల్లదు’ అని గొంతు చించుకుంటా ఉన్నాడు, ఎవురికి ఇనపడాలి? ఇందులో కూడా తీగే. అంటించి, బిగించి, సారుకిచ్చినాడు. పెట్టుకోగానే సారు ‘ఎవరయ్యా ఆ అరుపులు!’ అన్నాడు. లాయరు కూర్చున్నాడు. ‘ఈ అమ్మ మిషను ఎవరు విప్పారు?’ ‘అధీకృతుడు సారూ!’ ఊరంతా ఒక్క గొంతుతో. ‘నీ పేరేంటయ్యా?’ ‘ఇంట్లో దస్తగిరి సారూ, పనిలో అధీకృతుడు.’ సారు తన చెవి ఒకసారి తడుముకున్నాడు. ‘కాగితంలో అధీకృతుడు విప్పాలని ఉంది. విప్పాడు. ఆమె మిషను ఆమెకివ్వండి’ అని సంతకం పెట్టేసినాడు. పొద్దున ఆము విప్పేటప్పటికి ఓబులమ్మ పీట మీద ఉంది. ఆ దినం పదకొండు కుండలు పక్కకి తీసిందంట.

అక్కడితో అయిపోయిందనుకుంటున్నారా? వీళ్ళు ట్రాక్టరెక్కినాక ఏమైందంటే, సారుకి చెవులొచ్చినాయని వరండాలో పొక్కింది. జనం ఒక్కసారిగా లోపలికి పడినారు. పింఛనీ రాలేదని ముసలోళ్ళు, బోరు పాడైందని ఒక ఊరు, బతికున్నా పోయినట్టు రాసినారని ఒకామె, ‘పోయినసారి తల ఊపినారు గదా సారూ, ఏం చేసినారు?’ అని ఇంకొకడు. సారు విన్నాడు. కాసేపు నిజంగానే విన్నాడంట. తర్వాత మెల్లగా చెయ్యెత్తి, చెవి గోక్కున్నట్టుగా గోక్కొని, ఆ మిషను తీసి చొక్కా జేబులో వేసుకొని, గుండీ పెట్టుకున్నాడు. మళ్ళీ తల ఊపడం మొదలుపెట్టినాడు. కంపెనీవాళ్ళు కాగితం మార్చినారులే, ‘అధీకృత వ్యక్తి అనగా అధీకృతుడు అను పేరుగల వ్యక్తి కాదు’ అని. అది దస్తగిరికి చదివి వినిపిస్తే, ఇంకో పేరు పెట్టించుకుంటాలే అన్నాడంట, బెల్లం పెసలకి గురవడు ఎట్లాగూ సిద్ధమే. ఇంగ ఆ సారు మిషను సంగతంటారా, దస్తగిరి చేసిన పని గదా, ఇన్నేళ్ళయినా చెడలేదు. చెడేదానికి వాడితే గదా.