కుడి చక్రం

ఇంటి ముందు, గేటు లోపల కారు. ఎడమవైపు ముందు చక్రానికి బ్రేకు ప్యాడ్లు మార్చడం పూర్తయింది. కుడి చక్రం ముందు కోడలు గొంతుక్కూర్చుంది. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో మామగారు.

"అరగంట పని అన్నాడు మామయ్యా, ఆ స్పేర్ పార్టుల షాపతను. అరగంట!"

"ఎవరి అరగంటో అడగాల్సింది. ఒక్క ఎడమ చక్రానికే మనకి రెండు గంటలు పట్టింది."

"మనకి కాదు, నాకు. మీరు కుర్చీ దిగితేగా."

"చూసేవాళ్ళు ఒకరుండాలి కదమ్మా. ఆ నట్టు తిప్పు. అటు కాదు, ఇటు. ఇటు అంటే అటే."

"ఒక్క మాట మీద ఉండండి."

"ఎడమకి తిప్పు, వదులవుతుంది. ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపినవాణ్ణి, నాకు తెలీదా?"

"నడిపారు. ఎప్పుడైనా విప్పారా?"

"విప్పేవాళ్ళు డిపోలో వేరే ఉండేవాళ్ళు. ఎవరి పని వాళ్ళది."

"అంటే మీకూ రాదు, నాకూ రాదు."

"నీకు ఫోన్లో వీడియో ఉంది, నాకు అనుభవం ఉంది. రెండూ కలిస్తే ఒక మెకానిక్."

"అసలు మెకానిక్ మోకాలు ఆపరేషన్ చేయించుకుని పడుకోబట్టి మనకీ తిప్పలు. మామయ్యా, ఒకసారి కిటికీలోంచి చూడండి. బుజ్జిది లేచిందేమో."

"ఇప్పుడేగా చూశాను. బోర్లా పడుకుంది."

"ఊపిరి ఆడుతోందా?"

"ఐదేళ్ళ పిల్ల, మధ్యాహ్నం నిద్ర. ఊపిరాడక ఏమవుతుంది? దుప్పటి కూడా తన్నేసింది."

"తన్నేస్తే కప్పండి."

"కప్పితే లేస్తుంది. అది లేచిందంటే ఈ చక్రం ఇక్కడే, మనం ఇక్కడే."

"అదే నా భయం. రేపు స్కూలు తెరుస్తారు. మీరు దాన్ని ఇందులో ఎక్కించుకుని ఆ పెద్ద రోడ్డు మీద... ఆ కీచు చప్పుడు వింటుంటే నెల రోజులుగా నాకు ఒళ్ళు జలదరిస్తోంది."

"నట్టు, నట్టు. దొర్లిపోతోంది చూడు."

"పట్టుకున్నాను. మీకు విసుగనిపించదా ఆ చప్పుడు?"

"ఇంజను పక్కన కూర్చుని ముసలివైపోయిన చెవులమ్మా ఇవి. చిన్నచిన్నవాటిని లెక్కచెయ్యవు."

"చిన్నదా! వీధి మలుపులో మీరు బ్రేకు వేస్తే నాకు వంటింట్లో తెలుస్తుంది. వెంటనే దానికి పాలు వేడి పెట్టేస్తాను."

"చూశావా ఎంత ఉపయోగమో. మరి మార్చేస్తానంటావేం?"

"మామయ్యా!"

"సరే సరే. జాకీ ఎత్తు."

"ముందు ఇది చెప్పండి. వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టారా?"

"పెట్టాను. పూలకుండీ కూడా పెట్టాను."

"పూలకుండీ ఎందుకు?"

"రాళ్ళ మీద నమ్మకం చాలక."

"నాకంటే మీరే భయస్తుల్లా ఉన్నారే. మామయ్యా, మీ జేబులో ఫోను మోగుతోంది."

"ఆఁ? మోగనీ. పనిలో ఉన్నామని తెలియాలి వాళ్ళకి."

"ఆయనేమో! పొద్దుట్నుంచీ రెండుసార్లు చేశారు, ఏం చేస్తున్నావంటూ."

"వాడితో ఏమన్నావ్?"

"బట్టలుతుకుతున్నానన్నాను."

"మంచి పని చేశావ్. నా కొడుకే గానీ, సంగతి తెలిస్తే ఆఫీసు నుంచే కేకలేస్తాడు. ఊఁ, చక్రం వచ్చేసిందా? పక్కన పెట్టు. నా కాలి మీద కాదు."

"ఈ రెండు బోల్టులూ తీస్తే ఈ ఇనుప పట్టు పైకి లేస్తుంది. దాన్ని బ్రేకు ఆయిలు గొట్టం మీద వేలాడనివ్వకూడదని వీడియోలో అన్నాడు. ఇందాకటి తాడు ఎక్కడ పెట్టారు?"

"ఇదిగో, బుజ్జిదాని స్కిప్పింగ్ తాడు."

"అది లేచి అడిగితే?"

"కారు ఒళ్ళు తగ్గడానికి గెంతుతోందని చెబుదాం."

"నవ్వించకండి, చెయ్యి జారుతుంది... అమ్మో! అమ్మో మామయ్యా, ఈ పాత ప్యాడు చూడండి. గోరంత మందం కూడా లేదు. అంతా అరిగి ఇనుము తేలింది. దీంతోనా మీరు దాన్ని తిప్పింది!"

"నెమ్మదిగానే పోతానుగా. సైకిళ్ళు నన్ను దాటిపోతాయి. వెనక సీట్లోంచి అది వాళ్ళకి టాటా చెబుతుంది."

"నెమ్మదైతే మాత్రం? ఎవరైనా అడ్డం వస్తే? ఆటో మాట్లాడదామంటే మీరు వినరు."

"ఆటో ఎందుకమ్మా? రోజు మొత్తం మీద నాకున్న డ్యూటీ ఆ ఇరవై నిమిషాలు. అదీ పీకేస్తే నాకిక ఈ కుర్చీయే."

"పీకెయ్యాలనుకుంటే ఈ మసంతా పూసుకుని ఎందుకు కూర్చుంటాను? బ్రేకు బాగైతే రేపు మీరే తీసుకెళ్తారు."

"కాకపోతే?"

"కాకపోతే... ఎందుకవదు? అవుతుంది."

"లైసెన్సు నీకూ ఉందిగా."

"ఉంది, బీరువాలో. ఈ వీధి చివరిదాకా రెండుసార్లు నడిపాను. రెండుసార్లూ కళ్ళు మూసుకోవాలనిపించింది. నా సంగతి వదిలెయ్యండి. ప్యాడ్ని నొక్కే ఈ పిస్టన్ లోపలికి పోవట్లేదేం?"

"పాత ప్యాడు అడ్డం పెట్టి నెట్టు. దబాయించకు. పాప చేత మందు తాగించినట్టు, మెల్లిగా."

"మెల్లిగా తాగుతుందా ఎప్పుడైనా? ముక్కు మూసి పోయాలి. ఆఁ... పోయింది, పోయింది! ఇప్పుడు కొత్త ప్యాడ్లు. వీడియో... అయ్యో, ఫోను ఆరిపోయింది. వేలికి గ్రీజు, తాళం తెరుచుకోవట్లేదు."

"నంబరు కొట్టు."

"నంబరు ఆయన పెట్టారు. నాకు వేలు పెట్టడమే తెలుసు."

"పోనీలే, ఒకటి చేశాం కదా. అలాగే చెయ్యి."

"అలాగేనా? ఎడమదానికి నల్లగా గరుకుగా ఉన్నవైపు, చక్రంతో తిరిగే డిస్కుకి ఆనించాం. రెండు ప్యాడ్లూ అంతే. కదా?"

"అంతే. కానీ అది ఎడమది."

"అయితే?"

"ఇది కుడిది. ఇక్కడ తిరగెయ్యాలి."

"నిజంగానా?"

"చెప్పుల జత చూడు. ఎడమది కుడికాలికి పడుతుందా? అద్దంలో చూసినట్టు అన్నీ అటుదిటు అవుతాయి. బండికైనా అంతే."

"అంటే ఇనుప రేకు డిస్కుకా? ఇనుముకి ఇనుము రాసుకోదూ?"

"అమ్మాయ్, ముప్ఫై నాలుగేళ్ళు..."

"నడిపారు, తెలుసు. ఏమో మామయ్యా, నేను పదో తరగతి మధ్యలోనే మానేశాను. ఇలాంటివన్నీ ఆ తర్వాత చెబుతారేమో."

"ఎక్కడా చెప్పరు. చెప్పులేసుకుంటే వచ్చేస్తుంది. బిగించు."

"బిగిస్తున్నాను. మీ పూచీ."

"నా పూచీ."

"చక్రం... నట్లు... జాకీ దించేశా. బాగా బిగించాను, కదిపి చూడండి. ఇక ఒకసారి కూర్చుని బ్రేకు తొక్కి చూస్తా. మామయ్యా! మామయ్యా, పెడల్ పాతాళానికి పోయింది! ఏమీ తగలట్లేదు!"

"దిగు! ఇంజను ఆపు!"

"ఇంజను వెయ్యనే లేదు!"

"మరి నన్నెందుకు భయపెడతావ్? ఉండు, ఉండు. ఎడమదానికి వీడియోలో ఏదో అన్నాడే. మళ్ళీ మళ్ళీ తొక్కమనలా?"

"అన్నాడన్నాడు. పిస్టన్ మళ్ళీ ముందుకి రావాలని. ఒకటి... రెండు... మూడు... ఆఁ, గట్టిపడుతోంది. హమ్మయ్య. నా గుండె కూడా ఆ పెడల్‌తో పాటే కిందికి పోయొచ్చింది."

"పూలకుండీ తీసేస్తున్నా. రాళ్ళూ తీసేశా. గేటు తెరిచాను."

"మీరు గేటు దగ్గరే నిలబడండి. వీధి చివరిదాకా మెల్లిగా పోయొచ్చి మీ ముందే ఆపుతాను. చప్పుడు పోయిందో లేదో మీరే చెప్పాలి. నాకు కంగారులో ఏదీ సరిగ్గా తెలీదు."

"వెళ్ళు. మొదటి గేరులోనే. చెయ్యి చేతి బ్రేకు మీదే ఉంచు."

"వస్తున్నా, వస్తున్నా... తప్పుకోండి, ఆపుతున్నా!"

"భేష్! వెన్నలా ఆగింది! చప్పుడే లేదు. నీ చేతిలో ఏదో ఉందమ్మాయ్. ఇక ఆ మెకానిక్ మోకాలు నయమైనా షాపు మూసుకోవలసిందే."

"మామయ్యా..."

"ఏమిటలా చూస్తావ్? పిల్లి నడిచినట్టుంది."

"వేళాకోళం వద్దు మామయ్యా. నా చెవులు చిల్లులు పడ్డాయి. పాతదానికి పదింతలుంది. ఎదురింటావిడ కిటికీ తీసి మరీ చూస్తోంది."

"ఆవిడ ఎప్పుడూ చూస్తుంది."

"మీకు వినపడలేదా?"

"గాలి అటు కొడుతోంది. అందుకని..."

"ఉండండి. మళ్ళీ వెళ్ళొస్తాను. ఈసారి బాగా వినండి."

"వింటాను. ఎందుకు వినను?"

"ఇదిగో, వచ్చి ఆపాను. ఇప్పుడు వినపడిందా?"

"ఆఁ, ఇప్పుడు వచ్చింది. అవునవును. కీచుమంది. నువ్వన్నట్టే."

"ఇప్పుడు బ్రేకు తొక్కనే లేదు మామయ్యా. చేతి బ్రేకు లాగి ఆపాను. చీమ చిటుక్కుమనలేదు."

"ఓహో."

"నా మొహం చూసి చెప్పారు కదూ?"

"ప్యాడ్లు తిరగబడ్డట్టున్నాయి. నాదే తప్పు. పద, పద, అది లేచేలోపు విప్పేద్దాం. జాకీ ఎక్కడ పెట్టావ్?"

"విప్పుదాం. ముందు చెప్పండి. ఎప్పట్నుంచి?"

"మాటలు వినపడతాయమ్మా. ఎదురుగా ఉంటే ఒక్క మాట జారిపోదు. ఈ సన్న చప్పుళ్ళే... పోయిన చలికాలం నుంచి."

"చలికాలం నుంచా! మరి అంత ట్రాఫిక్‌లో, వెనకొచ్చేవాళ్ళు హారన్ కొడితే మీకెలా తెలుస్తోంది?"

"బుజ్జిది చెబుతుందిగా. 'తాతా, వెనక బండి' అని భుజం తడుతుంది."