రంపానికి ఎర్త్ గొయ్యి

ఏంట్రా అబ్బాయ్, ఆ పాత పెట్రోలు రంపానికి పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ముక్క పెట్టిస్తావా? పెట్టించు, మంచిదే. మా బావ పెట్టినట్టు మాత్రం పెట్టకు. నీకెక్కడ తెలుసులే, నువ్వు పుట్టకముందే పోయాడు. మా చెల్లెలి మొగుడు. ఇళ్ళకి కరెంటు వైరింగు చేసేవాడు, పని లేనప్పుడు వాళ్ళ నాన్న వదిలిపోయిన పెట్రోలు రంపం భుజానేసుకుని చెట్లు కొయ్యడానికి పోయేవాడు. చెట్లు కోసిందాని కంటే కోతలు కోసిందే ఎక్కువనుకో. ‘కరెంటు నా మాట వింటుంది బావా’ అనేవాడు. వాడి మొహం! వాళ్ళింట్లో వంటింటి స్విచ్చి వేస్తే వసారాలో దీపం వెలిగేది. ఇదేంటి బావా అంటే, ‘అదో పద్ధతిలే, నీకర్థం కాదు’ అని మూతి తిప్పేవాడు. సరే, ఎక్కడున్నాను? ఆఁ, రంపం. ఆ రంపం అప్పటిదాకా బాగానే నడిచేది. లోపల పాయింట్లని రెండు చిన్న బిళ్ళలుంటాయి కదా, అవి కలిసి విడిపోతుంటేనే నిప్పురవ్వ పుడుతుంది. మసిపడితే మొరాయిస్తుంది. చక్రం ఊడదీసి గరుకు కాగితంతో రుద్దితే మళ్ళీ దారికొస్తుంది. అంతే. ఆ రుద్దడానికి దొరగారికి బద్ధకం. ఇప్పుడేదో ముక్క వస్తోంది, పాయింట్లతో పనే లేదని ఎవడో చెవిలో ఊదాడు. వెంటనే కొనుక్కొచ్చాడు.

దానికి రెండు వైర్లు. ఒకటి నిప్పురవ్వకి కరెంటిచ్చే కాయిలుకి, రెండోది ‘ఎర్త్ చెయ్యండి’ అన్నాడు అమ్మినవాడు. ఇంజనుకి ఎర్త్ అంటే ఏంటి? దాని ఒంటికే, ఓ బోల్టు కింద బిగించడం. మెకానిక్ షెడ్డులో టీ తెచ్చేవాడిక్కూడా తెలుసు. మావాడు ఇళ్ళ వైరింగు మనిషాయె, ఎర్త్ అంటే వాడికి ఒకటే, గొయ్యి! ఉప్పూ బొగ్గులూ నీళ్ళూ పోసి గొయ్యి! తెలివి తెల్లారినట్టే ఉంది కదూ? నవ్వకు, ఇంకా ఉంది. ఆ వైరుకి పొడుగాటి తీగ అతికి, చివర జానెడు మేకు కట్టాడు, నేలలో దిగ్గొట్టడానికి. పోనీ అంతటితో ఊరుకున్నాడా? పాత పాయింట్లు పట్టుకెళ్ళి మురుగుకాలవలో పారేశాడు. ‘ఇక వెనక్కి చూసేది లేదు’ అని పైగా డైలాగు.

సరిగ్గా అప్పుడే గాలివాన. దొడ్లో చెట్టు విరిగి వంటింటి కప్పు మీద పడింది. పెంకులు పిండైపోయి, దూలం వంగిపోయింది. ఇంకో వాన పడితే కప్పు మొత్తం దిగిపోయేలా ఉంది. దాని కిందే మా చెల్లెలూ, వాళ్ళ అత్తగారూ మసలుతున్నారు. నేను పరిగెత్తుకెళ్ళి, కర్రల అడితిలోంచి మనుషుల్ని పిలుస్తాను బావా అంటే, ఇంతెత్తున లేచాడు. ‘ఇంట్లో రంపం పెట్టుకుని పరాయివాడి చేత కోయించుకోనా? నా పరువేం కాను?’ పెళ్ళాం నెత్తిన దూలం పడ్డా ఫర్వాలేదు, పరువు పడకూడదు! గొయ్యి తవ్వాడు, మేకు దిగ్గొట్టాడు, రంపం తాడు లాగాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ‘ఎర్త్ చాల్లేదు’ అన్నాడు. ఇంకాస్త తవ్వాడు. ఇంట్లో ఉప్పంతా తెచ్చి పోశాడు. మా చెల్లెలు బిందెలతో నీళ్ళు మోస్తూనే ఉంది. ముసలావిడ గుమ్మంలోంచి, ‘ఒరే, చెట్టు కోస్తున్నావా, రంపాన్ని పూడుస్తున్నావా?’ అని. కన్నతల్లికే లోకువైపోయాడు! పైన మబ్బు కమ్ముకొస్తోంది, దూలం కిర్రుమంటోంది, నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆడపిల్లనిచ్చుకున్న పాపానికి నోరు మూసుకున్నాను.

పలుగు తెస్తానని లోపలికెళ్ళాడు. ఈలోగా మా చెల్లెలు, తీగ కాళ్ళకి అడ్డం పడుతోందని మేకు పీకి, తీగ చుట్టచుట్టి, రంపానికున్న బోల్టుకి తగిలించింది. ఇంకేం, మేకు ఇంజను ఒంటికి తగిలింది, ఎర్త్ అందింది! మావాడొచ్చి అదేం చూడకుండా కసికొద్దీ తాడు లాగాడు. బుర్రుమని లేచింది. వాన దిగేలోగా చెట్టు ముక్కలైపోయింది. ‘చూశావా బావా, తీగ పీకేసినా నడిచేంతగా ఎర్త్ పట్టింది!’ అని నా వీపు మీద చరిచాడు. పట్టిందట! నేను చెప్పబోతుంటే మా చెల్లెలు కళ్ళతోనే వద్దంది. ఇక ఆ రోజునుంచీ చూడు, ‘నీళ్ళు పోసిన నీ చెయ్యి మంచిదే, ఎర్త్ నువ్వే చూసుకోవాలి’ అని ఎక్కడ చెట్టు కొయ్యాలన్నా మా చెల్లెల్ని వెంటేసుకుపోయేవాడు. వీడు గొయ్యి తవ్వడం, అది నీళ్ళు పొయ్యడం, వీడు అటు తిరగ్గానే అది మేకు బోల్టుకి తగిలించడం. పోయేదాకా ఇదే భాగోతం. పోయేదాకా వాడికి తెలీదు.

వాడు పోయాక ఓసారి మా చెల్లెల్ని అడిగాను. ఏమే, ఆ వెర్రిమాలోకానికి ఒక్కమాట చెప్పేస్తే ఆ గోతుల బాధ తప్పేదిగా, చెప్పలేదేం అని. నా మీద ఇంత కోపం తెచ్చుకుంది. ‘చెప్తే నన్నెందుకు తీసుకెళ్తారన్నయ్యా? పెళ్ళయ్యాక నేను గడప దాటింది ఆ గొయ్యి పుణ్యమాని. ఇంట్లో ఆయన తిన్నాకే నాకు కంచం. అక్కడ ఇద్దరం ఒకే డబ్బాలో తినేవాళ్ళం’ అంది. వాడితో... ఆ గొయ్యి పక్కన కూర్చుని...

సర్లే. ఏదీ, ఆ రంపం ఇలా పట్రా. ముందు ప్లగ్గు విప్పు.