పడ్డానని ముందుగా చెప్పినవారు: శ్రీమతి బూరుల్ ఎషెనోవా గారు

1990వ సంవత్సరం ఏప్రిల్ మూడవ తేదీన, కొండల మీద మంచు ఇంకా కరగని ఒక ఉదయాన, శ్రీమతి బూరుల్ ఎషెనోవా గారు నారిన్‌లోని మా వాహన భద్రతా కార్యాలయంలో తనిఖీ ఇంజినీరుగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. రాజధానిలో యంత్రశాస్త్ర పట్టా పుచ్చుకుని, అక్కడే ఉండిపొమ్మన్న ఆచార్యుల మాటను వినయంగానే తోసిపుచ్చి, పుట్టిన గడ్డకు తిరిగివచ్చిన ఆ యువతిని ఆనాటి ప్రధానాధికారి ఎగాదిగా చూసి, "ట్రాక్టర్ల కింద దూరాలమ్మాయ్, బట్టలు మాసిపోతాయి" అన్నారట. "బట్టలకి సబ్బుంది సార్. ఆ ట్రాక్టరుకే బ్రేకు లేదు" అన్నారట వీరు. ఆ జవాబుతో మొదలైన సేవ మొన్నటి శుక్రవారంతో ముగిసింది.

పాత దేశం పోయి కొత్త దేశం పుట్టిన ఆ తొలి యేళ్ళలో మా కార్యాలయానికి పొయ్యి లేదు, పొయ్యి ఉన్న రోజున బొగ్గు లేదు. సహోద్యోగులలో సగం మంది బజారులో దుకాణాలు పెట్టుకున్నారు, వారిని తప్పుపట్టలేము. బూరుల్ గారు మాత్రం మేజోళ్ళ మీద మేజోళ్ళు తొడుక్కుని, కనుమ ఎక్కే ప్రతి బస్సు చక్రాన్నీ తట్టి చూసి గాని వదిలేవారు కారు. ఆమె ఆపివేసిన బస్సుల డ్రైవర్లు ఆమెను తిట్టిన తిట్లు ఈ వీడ్కోలు పత్రంలో రాయదగినవి కావు. ఆ డ్రైవర్లలో పలువురు ఈనాడు మనుమలను ఎత్తుకుని ఈ సభకు వచ్చి కూర్చున్నారు.

ఆమె వృత్తిజీవితంలో అత్యంత క్లిష్టమైన ఘట్టం ఎర్ర మోటారుసైకిళ్ళతో వచ్చింది. గొర్రెల కాపరులు గుర్రం దిగి మోటారుసైకిలు ఎక్కిన కాలమది. చవకగా దొరికే ఆ ఎర్రబండి ఏడాది తిరిగేసరికి మా లోయలో ప్రతి ఇంటి ముందూ నిలబడింది. అదే సమయంలో ఆసుపత్రిలో విరిగిన చేతులు, సంతలో కుంటే మగవాళ్ళు ఎక్కువయ్యారు. మా ఫిర్యాదుల పెట్టెలో మాత్రం ఒక్క కాగితమూ పడలేదు.

మనవాళ్ళ సంగతి మనకు తెలియనిదా! ఎక్కిన గుర్రం మీంచి పడ్డానని ఒప్పుకునే మగవాడు ఈ కొండల్లో పుట్టలేదు. పైగా తన వాహనాన్ని పరాయివాళ్ళ ముందు నిందించడం అరిష్టమని నమ్మకం. గుర్రానికి ఉన్న ఈ మర్యాదలన్నీ మనవాళ్ళు తెచ్చి మోటారుసైకిలుకు అంటగట్టారు. బూరుల్ గారు ఇల్లిల్లూ తిరిగి అడిగితే ఒకడు నిద్రలో చెయ్యి బెణికిందన్నాడు, ఒకడు ఆవు తన్నిందన్నాడు. ఆమె భర్త, పశువైద్యులు జపార్ గారు, ఎర్రబండి మీదే రోజూ మందలకు వెళ్ళి వచ్చేవారు. ఒక సాయంత్రం భుజం ఎముక విరగ్గొట్టుకుని వచ్చి, "గుమ్మం తగిలింది" అన్నారు. ఆమె గుమ్మాన్నీ భర్తనూ మార్చి మార్చి చూశారట.

మరో నెలలో మందలు వేసవి మేతకు కనుమ దాటాలి. ట్యాంకు మీద గొర్రెపిల్ల, వెనక భార్య, ఆ వెనక పిల్లవాడు, ముందు నిట్టనిలువు దిగుడు. భర్తతో సహా లోయ లోయంతా ఆ బండ్ల మీదే దిగబోతోందని ఆమెకు తెలుసు. అమ్మకందారు కంపెనీ ప్రతినిధి మాత్రం "మీ ప్రాంతం నుంచి ఒక్క ఫిర్యాదైనా వచ్చిందా?" అని చిరునవ్వు నవ్వాడు. బస్సును ఆపినట్టు, యజమాని నోటి మాట లేనిదే సొంత బండిని ఆపే అధికారం మాకు లేదు.

అప్పుడు బూరుల్ గారు ఆదివారం నాడు అట్‌బాషి పశువుల సంతకు వెళ్ళారు. అక్కడ గుర్రాన్ని కొనేవాడు పగ్గం పట్టుకుని, సంత పెద్ద ఎదుట, "దీని చెడుగుణం ఏమిటి?" అని అడిగితే అమ్మేవాడు దాచకూడదు. దాచినవాడికి మళ్ళీ ఆ సంతలో టీ కూడా పోయరు. ఒక కుర్రకాపరి తన ఎర్రబండిని అమ్మకానికి నిలబెట్టాడు. పేరు సాగిన్. ఆమె వెళ్ళి హ్యాండిల్ పట్టుకుని పెద్దను పిలిచారు.

"దీని చెడుగుణం ఏంటి తమ్ముడూ?"

"మోటారుసైకిలక్కా ఇది, గుర్రం కాదు."

"పగ్గం పట్టుకుని అడిగింది కదరా, చెప్పు!" అన్నాడు సంత పెద్ద.

సాగిన్ నేలచూపులు చూశాడు. "దిగుడులో మెడ సడలుతుందక్కా. హ్యాండిల్ ఒకవైపు, చక్రం ఒకవైపు."

"అదే ముక్క మా ఆఫీసుకొచ్చి చెప్తావా?"

"అమ్మో! కొనేదానివని నీకు చెప్పాను గానీ, సర్కారుకెందుకు చెప్తాను? మా మామ వింటే పిల్లనివ్వడు."

ఆమె వాదనకు దిగారు. వాదనలో పడి హ్యాండిల్ వదలడం మరచిపోయారు. చెడుగుణం విన్న తరువాత కూడా పగ్గం వదలకపోతే బేరం కుదిరినట్టే. సంత పెద్ద ఇద్దరి చేతులూ కలిపి, దీవించి, గడ్డం నిమురుకుని వెళ్ళిపోయాడు. అలా తనిఖీ ఇంజినీరు గారు, పొరపాటున, ఒక చెడ్డ మోటారుసైకిలుకు యజమాని అయ్యారు.

ఇంకొకరైతే తల పట్టుకుని కూర్చునేవారు. ఈమె శిరస్త్రాణం పెట్టుకుని, గొర్రె బరువుకు సరిపోయే పిండి బస్తాను ట్యాంకు మీద కట్టించి, నింపాదిగా ఇంటిదారి పట్టారు. చెవిన పడ్డది కంట పడాలని ఆమె పట్టుదల. ఊరి ముందరి దిగుడులో బండి మెడ సడలింది. బస్తా పగిలింది. జపార్ గారు తలుపు తీసేసరికి గడపలో నిలువెల్లా తెల్లటి మనిషి ఒకరు నిలబడి ఉన్నారు.

"ఏమైంది?"

"పడ్డాను."

ఆ ఇంట్లో ఆ మాట అంతకుముందెన్నడూ వినబడలేదు. జపార్ గారు నీళ్ళు తెచ్చారు, తువ్వాలు తెచ్చారు, ఏమీ తోచక మళ్ళీ నీళ్ళే తెచ్చారు.

"నేను పడ్డాను. మరి మీరు?" అన్నారు ఆమె.

ఆయన తువ్వాలు ఆమె చేతిలో పెట్టారు. "నేనూ పడ్డాను, బూరుల్. రెండుసార్లు."

మరునాడు మా పెట్టెలో మొదటి ఫిర్యాదు పడింది. ఫిర్యాదుదారు మా ఉద్యోగినే. కార్యాలయం తెరిచేసరికి రెండవ యజమాని బల్ల ముందు నిలబడ్డారు.

"పేరు?" అన్నారు బూరుల్ గారు.

"నా పేరు నీకు తెలీదూ?"

"ఇంట్లో తెలుసు. ఆఫీసులో చెప్పండి."

ఆడమనిషి పడ్డానంది, పశువుల డాక్టరూ పడ్డానన్నాడు, ఇక మనకేమిటి సిగ్గు అంటూ మధ్యాహ్నానికల్లా మా వసారా కాపరులు పెట్టుకునే ఉన్ని కల్పక్ టోపీలతో తెల్లబడిపోయింది. ఆవు తన్నినవాడూ వచ్చాడు. సాగిన్ కూడా మామగారిని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. ఆ మామగారి మోకాలు అప్పటికి ఆరు నెలలుగా వంగడం లేదు.

విచారణ రోజున కంపెనీ ప్రతినిధి, "మా వాహనం గొర్రెలను మోయడానికి తయారైనది కాదు" అన్నాడు. బూరుల్ గారు లేచి, ఆ కంపెనీయే మా బజారు గోడలకు అంటించిన ప్రకటన చిత్రాన్ని బల్ల మీద పరిచారు. అందులో ఎర్రబండి, నవ్వుతున్న కాపరి, ట్యాంకు మీద గొర్రెపిల్ల. పక్కన, తన ఎర్రబండి నుంచి కోయించి తెచ్చిన మెడ, దాని వెల్డింగు అతుకులో వెంట్రుకంత పగులు. "గొర్రెను ఎక్కించింది మీరు. పడింది మేము. కనుమ దాటేలోగా ప్రతి బండి మెడా మీ ఖర్చుతో మార్చండి. మార్చని బండి మా లోయలో కదలదు" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచవలసిన అవసరమూ కలగలేదు.

మెడలు మారాయి. ఆఖరి బండి బాగుపడి వచ్చిన వారానికి మందలు కదిలాయి. ఆ రోజు బూరుల్ గారు సెలవు పెట్టి కనుమ దిగువన కూర్చుని, దిగివచ్చిన ప్రతి కాపరినీ చూశారు. జపార్ గారు దిగివచ్చాక మాత్రం ఆమె ఏడ్చారని ఆయనే నాతో చెప్పారు. ఈ మాట రాసినందుకు ఆమె నన్ను క్షమించరు, అయినా రాస్తున్నాను.

అటుపిమ్మట ప్రధాన తనిఖీ అధికారిణిగా ఆమె సాధించిన విజయాలు ఎన్నో. యజమానుల ఇంటికే వెళ్ళి, టీ తాగి, "మీ బండి చెడుగుణం ఏమిటి?" అని అడిగే పద్ధతి ఈ కార్యాలయానికి ఆమె పెట్టిన భిక్ష. ఆ చివరి శుక్రవారం తమ బల్లను అప్పగిస్తున్నప్పుడు, ఆ స్థానంలోకి వస్తున్న ఐజాన్ బల్ల అంచు పట్టుకుని అదే ప్రశ్న అడిగింది: "ఈ ఉద్యోగం చెడుగుణం ఏంటక్కా?"

"బాగున్నానన్న ఏ మనిషి మాటా నమ్మబుద్ధి కాదే. పట్టుకున్నావుగా, ఇక వదలకు" అన్నారు బూరుల్ గారు.

గౌరవనీయులైన బూరుల్ గారికి పరిపూర్ణ ఆయురారోగ్యాలు కలగాలని, మెడ మార్పించుకున్న ఆ ఎర్రబండి మీదే ఆమె, జపార్ గారు ఇంకా ఎన్నో వేసవులు కనుమ దాటాలని సహోద్యోగులమందరమూ మనసారా కోరుకుంటున్నాము. అక్కా, మేము ఏటా మీ ఇంటికి వస్తాము, టీ తాగుతాము, ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతాము. గుమ్మం తగిలిందని చెప్పకండి. నిజమే చెప్పండి. ఆ నిజం ప్రతి ఏడూ "బాగున్నాను" అనే మాటే కావాలి.