గొడుగు పుల్లల పట్టాలు

నేనెప్పుడూ ఏదీ రాయలేదు సిరీ. ఐదో తరగతితో ఆపేశారు నన్ను. ఆ తర్వాత రాసిందంతా పచారీ చీటీలే. నిన్న ఫోన్లో, "పిన్నీ, తాతయ్య ఆ తలుపు చెక్క మీద రైలు ఎట్టా చేశాడు, మొత్తం చెప్పు" అన్నావు. నాకు ఫోన్లో మాట రాదు, నీకు తెలుసుగా, ఆఁ ఊఁ అని పెట్టేస్తాను. అందుకని నువ్వు ఎదురుగా కూర్చున్నావనుకుని నోటికొచ్చినట్టే రాస్తన్నా. తప్పులుంటే నవ్వుకో, పైకి మాత్రం అనబాక.

మీ తాతయ్య, అదే మా మామయ్య గారు, చిలకలూరిపేట దగ్గర జిన్నింగు మిల్లులో చేసేవారు. మొదట ట్రాలీ తోసేవారు, తర్వాత ఫిట్టరయ్యారు. ఆ మిల్లులో రైలుండేదని ఆయన ఎప్పుడూ చెప్పేవారు. పెద్ద రైలు కాదులే. రెండడుగుల వెడల్పు పట్టాలు, చిన్న డీజిలింజను, వెనక నాలుగు ట్రాలీలు. ఇంజను రాకముందు వాటిని మనుషులే తోసేవాళ్ళు. కాటా దగ్గర దింపిన పత్తిని షెడ్డుకి మోసేది, అక్కడ గింజ తీశాక దూదిని బేళ్ళు కట్టే ప్రెస్సు కాడికి మోసేది. మిల్లు మూసేశాక పట్టాలు పాత ఇనుముకి పోయినయ్. ఇప్పుడక్కడ ఇళ్ళ ప్లాట్లు. ఒక్క ఫోటో లేదు. ఇంకెవరు నమ్ముతారు? మీ బాబాయే, "మిల్లులో రైలేంది నాన్నా, రేపు విమానం కూడా ఉండేదంటావు" అనేవాడు. చిన్నప్పుడు నువ్వూ నవ్వావులే. ఆయన కూడా నవ్వేసి ఊరుకునేవారు గానీ, ఆ పూట అన్నం సగంలో లేచేవారు. వడ్డించేదాన్ని కదా, నాకు తెలిసేది.

పోయిన ఎండాకాలం పెరటి తలుపు మార్చాం. పాత రెక్కని రెండు స్టూళ్ళ మీద వేయించుకుని, "అమ్మాయ్, ఇటు రా. నా చేతులు వణుకుతున్నాయి, నీ వేళ్ళు కావాలి" అన్నారు. నా వేళ్ళెందుకంటే, పెళ్ళికి ముందు సత్తెనపల్లిలో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేదాన్ని. మా అమ్మ, మా మేనత్త, నేను. ఇంటికొచ్చి వేళ్ళు మజ్జిగలో పెట్టుకుని కూర్చునేవాళ్ళం, అంత మంట. మా మేనత్త అయితే ఆ మజ్జిగే తాగేస్తానని... సర్లే, అదిప్పుడెందుకు. ఆ పని చేసినవాళ్ళకి వేలి కొసతో చిన్నది పట్టుకోవడం వస్తుంది, అంతే.

కొలతలు ఎట్టా తీశారో చెప్తే నమ్మవు. కాగితం లేదు, టేపు లేదు. పొద్దున్నే మన వీధిలోకి వెళ్ళి నిలబడి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ట్రాలీ తోస్తున్నట్టు ముందుకి చాపి నడిచారు. అడుగులు పైకి లెక్కపెడుతున్నారు. నన్ను పక్కనే నడవమన్నారు, గోడకి గుద్దుకోకుండా. నాకేమో తల ఎత్తాలంటే సిగ్గు, వీధంతా చూస్తున్నారు. తొంభై రెండో అడుగు దగ్గర ఆయన ఎడమ భుజం దానంతటదే కిందికి వాలింది. "ఇక్కడ వంపు. గుర్తుపెట్టుకో" అన్నారు. నలభై ఏళ్ళయింది సిరీ ఆ పట్టాలు పోయి. భుజానికి ఇంకా గుర్తుంది. ఆ రోజు నుంచి నాకు సిగ్గు వేయలేదు.

పది అడుగులకి నా చూపుడు వేలి కణుపు ఒకటి. అదీ లెక్క. పట్టాలకి మా నాన్న పెళ్ళిలో కొనిచ్చిన గొడుగు విప్పాను. అప్పట్లో అరవై రూపాయలు, ఇప్పుడు ఆ డబ్బుకి గొడుగు పిడి కూడా రాదు. గుడ్డ చిరిగిపోయినా పుల్లలు గట్టిగానే ఉన్నాయి. వాటి కింద అగ్గిపుల్లలు అడ్డంగా పరిచి, ఒక్కొక్కటీ జిగురుతో అంటించాను. రెండు పట్టాల మధ్య ఒక వేలు పడుతుంది, అంతే. ఇంజనుకి నూనె డబ్బా రేకు, బొమ్మకారులో మోటారు. చక్రాలు లేత్ షాపులో తిప్పించారు, చొక్కా గుండీ అంత. షెడ్లు అట్టతో. బేళ్ళకి రబ్బరు ముక్కలు కోసి, తెల్లగుడ్డ చుట్టి, దారంతో నాలుగు వరసలు బిగించాను. మూడు వరసలు కడితే, "ఎక్కడమ్మా నాలుగోది, లారీ ఎక్కంగానే పగిలిపోద్ది" అని విప్పించారు.

మిల్లు గోడ పక్క మిరప కళ్ళం పెట్టాలన్నారు. ఎండబోసిన కాయలకి నేను మన కారమే చల్లాను. ఇంకేముంది, ఫ్యాను వేసేసరికి ఇంటిల్లిపాదీ తుమ్ములు. "అసలుది పనికిరాదమ్మా, అసలులా ఉండేది కావాలి" అన్నారు. ఎర్ర ఇటుక నూరి చల్లాను. కుదిరింది.

మొదటిసారి ఇంజను కదిలినప్పుడు, "పైనుంచి కాదు, చెక్కకి గడ్డం ఆనించి చూడు" అన్నారు. ఆనించాను. ఏం చెప్పను. షెడ్లు మిద్దెలంత అయినాయి. ఎర్ర కళ్ళం పొలిమేర దాకా పోయింది. వంపులోంచి ఇంజను నా మీదికే వస్తా ఉంటే, దారివ్వాలన్నట్టు తల వెనక్కి లాక్కున్నా. ఆయన నవ్వలేదు. "కదా?" అన్నారు, అంతే.

ఇక అప్పటినుంచి ఒకటే పట్టు, కోటయ్యని పిలవాలి. కోటయ్య మామ ఆయనతో ట్రాలీ తోసినాయన, ఇప్పుడు పొదిలిలో కూతురి దగ్గరుంటున్నాడు. ఆ రైలు చూసినవాళ్ళలో మిగిలింది వీళ్ళిద్దరే. "వాడు ఇదేనంటే ఇదే. కాదంటే, నేను ఇన్నాళ్ళూ చెప్పింది కూడా కాదు" అన్నారు.

కోటయ్య మామ వచ్చే రోజు పొద్దున నేనొక పని చేశాను. ప్రెస్సు షెడ్డు దగ్గర బోసిగా ఉందనిపించింది. దూదికి బదులు సుద్దపొడి చల్లమన్నారు ఆయన. నాకేమో పత్తి పండే ఊళ్ళో సుద్దపొడేందిలే అనిపించి, నిజం దూది పింజలు పింజలుగా విడదీసి పట్టాల పక్కన పరిచాను. చెప్పలేదు.

"ఏరా ఎంకటేసూ, బతికే ఉన్నావా?" అంటా వచ్చాడు కోటయ్య మామ.

"నిన్ను సాగనంపకుండా నేనెట్టా పోతానురా" అన్నారు మామయ్య గారు.

చెక్క చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత, "నీళ్ళతొట్టి ఇక్కడ కాదు, యాపచెట్టు కింద" అన్నాడు.

"యాపచెట్టు తర్వాత మొలిచింది."

"మొలవలేదురా, నేనే నాటా."

మామయ్య గారి మొహం చిన్నబోయింది. మీ బాబాయి గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తన్నాడు. మామయ్య గారు మీట నొక్కారు. రైలు రెండు చుట్లు బాగానే తిరిగింది. మూడో చుట్టులో ప్రెస్సు వంపు కాడ గుర్రుమని ఆగిపోయింది.

"అంతేనా నాన్నా రైలు?" అన్నాడు మీ బాబాయి.

ఇరుసుకి దూది చుట్టుకుపోయింది. "దూది ఎవరు పెట్టారు?" అన్నారు మామయ్య గారు. చెయ్యెత్తాను, బళ్ళో పిల్ల ఎత్తినట్టు.

కోటయ్య మామ వంగి చక్రాల దగ్గర కళ్ళు పెట్టాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నా, కాదు, నవ్వు. "ఒరేయ్, అదే వంపురా. అక్కడే ఆగేది దొంగది. రోజుకెన్నిసార్లు దూది చుట్టుకునేదిరా?"

"నువ్వు కింద దూరి లాగేవాడివి."

"నువ్వు గట్టున నిలబడి తిట్టేవాడివి." మీ బాబాయి వైపు తిరిగి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి పైన ఇంత పొడుగు మచ్చ. "చూడు అబ్బాయ్. ఆ ఇంజను గొట్టం కాల్చింది. మీ నాన్న రైలే."

మీ బాబాయి కట్టుకున్న చేతులు దించుకున్నాడు.

"అన్నీ పెట్టావు గానీ, దూది లాగే కొక్కెం ఏదిరా? ప్రెస్సు గోడకి వేలాడేది" అన్నాడు కోటయ్య మామ.

"మర్చిపోయాను" అన్నారు ఆయన. మనిషినెవరినో మర్చిపోయినట్టు అన్నారు.

నా గాజుకున్న పిన్నీసు తీసి, దాని మొనతో ఇరుసు నుంచి దూది పోగు పోగు లాగాను. రైలు కదిలింది. ముసలాళ్ళిద్దరూ చెక్కకి గడ్డాలు ఆనించి, అన్నానికి పిలిచినా లేవలేదు. మిగతా దూది తియ్యబోతే మామయ్య గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఉండనీ తల్లీ, అది ఆగాలి" అన్నారు.

ఇదమ్మా సంగతి. సెలవులకి వస్తే నువ్వూ గడ్డం ఆనించి చూద్దువుగానిలే. నువ్వు చెయ్యి పెట్టిందల్లా నిలబడాలి, చల్లగా ఉండు. ఆఁ, ఇంకొకటి. తెల్లారి కోటయ్య మామని పొదిలి బస్సెక్కించి వచ్చాక, ఆ పిన్నీసునే పటకారుతో తుంచి, కొస వంచి కొక్కెం చేశాను. బియ్యపుగింజంత. ఎవరూ చూడకుండా ప్రెస్సు గోడకి తగిలించి, పొయ్యి వెలిగించుకున్నాను.