ప్లస్‌లో నిలువు గీత

నారిన్ పట్టణంలోని ఒక బడికి పక్క బళ్ల టీచర్లు పాఠం చూడటానికి వచ్చారు. త్రికోణమితి సర్వసమీకరణాల నిరూపణ అయ్యాక వాళ్లు చాయ్‌కి వెళ్లారు. తరగతిలో టీచరూ, బోర్డు మీద లెక్క చేసిన అమ్మాయీ మిగిలారు.

“ముందు ఆ మోచేతి సుద్ద దులుపుకో. అంత బాగా జరిగితే ఏంటే ఆ మొహం? నూనెలో వేయించిన పిండి ముక్కలు, వేడి బోర్సోక్ ఉన్నాయి, పోయి తిను.”

“వద్దు టీచర్.”

“మూడో లైన్లో ప్లస్ బదులు మైనస్ వేయమన్నాను, వేశావు. నేను దిద్దాను. వచ్చినవాళ్లకి పాఠం నిజంలా కనబడాలి కదా. అందరూ చేసేదేనే.”

“నేను మైనస్ వేయలేదు టీచర్.”

“మరి?”

“అంత చక్కగా వస్తున్న లెక్కని కావాలని చెడగొట్టడానికి చెయ్యి రాలేదు. ప్లస్సే వేశాను. మీరు బోర్డు చూడకుండానే, ‘ఇక్కడో తప్పుంది, ఎవరు పట్టుకుంటారు?’ అని అడిగేశారు.”

“అయ్యో!”

“మీరు ఇటు తిరిగేలోపు ప్లస్‌లో నిలువు గీత మోచేత్తో తుడిచేశాను. మీరొచ్చి మళ్లీ ఆ గీతే గీశారు. వాళ్లు చప్పట్లు కొట్టారు.”

“నువ్వు తుడవడం వాళ్లు చూశారా?”

“లేదు. మీ గురించి ఏదో రాసుకుంటున్నారు.”

“మరి మన పిల్లలు?”

“అందరూ చూశారు.”

“నవ్వుకున్నారా?”

“ఒక్కరు కూడా నవ్వలేదు టీచర్. తలలు దించుకున్నారు.”

“నవ్వినా బాగుండేదే తల్లీ.”