ద్వీపం మూతపడిన మధ్యాహ్నం

నా రిటైర్మెంటు సభకు పెద్దగా కూర్చున్న సూపరింటెండెంటుగారికి, మూలనున్న ఎక్స్‌రే గదిలోంచి నన్ను లాక్కొచ్చి పూలగుచ్ఛం చేతిలో పెట్టిన హెడ్ నర్సమ్మకి, పెద్దలకి, కుర్చీలు దొరక్క గోడకి ఆనుకుని నిలబడ్డ తోటివాళ్లందరికీ నమస్కారం.

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లంతా నా ఓర్పు గురించే చెప్పారు. "ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి" అని తప్ప నా నోట మరో మాట వినని మీరు ఇంతకన్నా ఏం చెబుతారు పాపం! (నవ్వులు) మందుల కౌంటరాయన మాత్రం మైకు అందుకుని, "మా ఎక్స్‌రే అక్క ఇంటికెళ్లి వీడియో గేములు ఆడుతుందండోయ్" అని గుట్టు రట్టు చేశాడు. ఆడతాను నాయనా, దాచేదేముంది? సూపరింటెండెంటుగారు గడియారం వైపు చూడనంటే కాస్త చెబుతాను.

మొదట ఆడింది మా తమ్ముడితో. టీవీకి తగిలించే పెట్టె ఒకటి ఉండేది, క్యాసెట్టు మొరాయిస్తే నోటితో ఊది మళ్లీ గుచ్చేవాళ్లం. పైనుంచి ఇటుకలు రాలే ఆటను మించింది నాకు ఇప్పటికీ లేదు. అది మనల్ని పొగడదు, చివరికి ఓడించే తీరుతుంది, కానీ ఎక్కడ తప్పు పేర్చామో కళ్లెదుటే కనబడుతుంది. ఫోనులో పాము ఆట బస్సు కోసం ఎదురుచూసేటప్పుడు మంచి తోడు. కారు పందేలు నాకు గిట్టవు. ఈ కాలపు తుపాకీ ఆటల్లో గడ్డిపరక కదలడం కూడా తెలుస్తుంది గాని, ఆ అందం చూస్తూ నిలబడితే వెనకనుంచి ఎవడో కాల్చేస్తాడు. (నవ్వులు) ఇంకొన్ని ఉన్నాయి, ఒక్కరోజు వెళ్లకపోతే అలుగుతాయి, బహుమతులిస్తాం రమ్మని బతిమాలతాయి. ఆటకి అంత ఆత్రం పనికిరాదు.

తమ్ముడు సంసారంలో పడ్డాడు. "ఇంకా ఆ ఆటలేంటక్కా?" అని విసుక్కుంటాడు. అమ్మ పోయాక ఇంట్లో నా అడుగుల చప్పుడు నాకే వినబడేది. అప్పుడు దొరికింది ద్వీపం ఆట. ఎక్కడెక్కడివాళ్లో ఇంటర్నెట్‌లో కలిసి, ఒకే ద్వీపం మీద ఇళ్లు కట్టుకుంటారు, మొక్కలు పెంచుకుంటారు. అందులో గెలుపూ ఓటమీ లేవు. నా పక్క స్థలం వాళ్లు పెట్టుకున్న పేరు 'తడిగొడుగు'. ఆడో మగో కూడా తెలియదు. నేను డ్యూటీ దిగి వెళ్లేసరికి నా మొక్కలకి నీళ్లు పోసి ఉండేవి. నేను వాళ్ల కంచె బాగుచేసేదాన్ని. "ఇవాళ జనం ఎక్కువా? తిన్నారా?" అని తెరమీద అక్షరాలు వచ్చేవి. ఆ మాట నన్ను అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు.

కొన్నేళ్లకి కంపెనీవాళ్లు ఆట ఎత్తేస్తున్నామన్నారు. ఆఖరి రోజు నేను సెలవు పెట్టాను. మధ్యాహ్నం ఇద్దరం ద్వీపం ఒడ్డున పక్కపక్కన కూర్చున్నాం. మొక్కల గురించి, చేపల గురించి ఏవేవో రాసుకున్నాం. చివరికి ధైర్యం చేసి, "మీది ఏ ఊరు?" అని అడిగాను. "చెబుతాను, నవ్వకూడదు మరి" అని వచ్చింది. ఆ తర్వాత, "ఇంతకాలం మాతో ఆడినందుకు ధన్యవాదాలు" అని కంపెనీవాళ్ల మాట వచ్చింది. తెర నల్లబడింది.

ఆ 'తడిగొడుగు' పేరు కోసం చాలాచోట్ల వెతికాను. దొరకలేదు. మర్నాడు హెడ్ నర్సమ్మ, "కళ్లేంటి అలా ఉన్నాయి, జ్వరమా?" అంది. అవునన్నాను. ఆట మూతపడిందని ఏడ్చానంటే నవ్విపోతారని భయం. జ్వరం కాదమ్మా అది.

అంతకాలం ఎందుకు అడగలేదంటే, రేపు అడగొచ్చులే అనుకున్నాను. మీ దగ్గరా అంతే చేశాను. ఇన్నేళ్లలో ఈ హాల్లో సగంమంది ఎముకలు చూశాను గాని, ఒక్కరి ఇల్లు కూడా చూడలేదు. రేపు పొద్దున లేచాక నాకు వెళ్లాల్సిన చోటంటూ ఏదీ లేదు. అందుకని ఇప్పుడు కిందికి దిగి, ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, "మీ ఇల్లెక్కడ, ఎప్పుడు రమ్మంటారు?" అని అడగబోతున్నాను. మొహమాటానికి "చూద్దాంలే అక్కా" అనకండి. రావద్దంటే వద్దనే చెప్పండి, ఫరవాలేదు.

ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఉద్యోగానికి మాత్రమే సెలవు.