ఎనిమిది ఎర్రవి, ఒకటి నల్లది

మళ్ళా రెండు చచ్చిపోయినాయి దేవరాజులన్నా. ఎర్రవే. మంగళవారం ఒగటి, నిన్న పొద్దన ఒగటి. ఏం చేపలన్నా మీరిచ్చేది? మదనపల్లిలో మీ అంగట్లో ఉన్నంతసేపూ ఎగరతాంటాయి, పుంగనూరు నీళ్ళలో పడితే నెల దినాలు కూడా నిలబడవు.

అట్ల సూడద్దండి. నీళ్ళు మార్చినావా, మేత ఎక్కువేసినావా అనే కదా అడగబోతారు. ఏమీ చేయలేదు. కొళాయి నీళ్ళు ఒగ దినం బకెట్లో పెట్టే పోస్తాండా. మేత చిటికెడే. మీరు నేర్పించినట్లే అన్నీ.

ఏమి? మా మామ ఫోన్ చేసినాడా? మీకా?

ఆదివారం ఇంటికొచ్చి తొట్టి సూస్తానని చెప్పేసినారా.

ఆ స్టూల్ రవంత ఇట్ల ఇయ్యండి, కూర్చుంటా. నీళ్ళొద్దు. బాగానే ఉండా.

మీరు రావద్దన్నా. యాల రావద్దో చెప్తా, గమ్మున వినండి. మధ్యలో ఏమీ అనద్దు.

మా మామ లక్ష్మీపతి అంటే పుంగనూరులో బట్టలంగడోళ్ళందరికీ తెలుసు. పోయిన సంవత్సరం ఆయన గుండెకు స్టెంట్ వేసినారు. అప్పుడు గురుమూర్తి అని ఒగ వాస్తు ఆయన వచ్చి, ఈశాన్యంలో చేపల తొట్టి పెట్టండి, ఎనిమిది ఎర్రవి, ఒగటి నల్లది అన్నాడు. చేప చస్తే భయపడద్దంట. ఇంటికి తగలాల్సిన దిష్టి అది తీసుకోని పోయినట్లంట. మూడు దినాల్లోపల దాని తావులో ఇంగోటి వదలాలంట. అది తెచ్చేది ఇంటి కోడలే. ఒంటిగా పోయి, తన చేత్తో ఏరి తేవాల. ఇంట్లో మగోళ్ళు ముట్టకూడదు.

మొదటి చేప చచ్చిన దినం మా అత్త సుశీలమ్మ నాకు బొట్టు పెట్టి, పోయిరామ్మా దీపికా, మదనపల్లికి ఒంటిగానే పో అనింది. పెండ్లయిన మూడేండ్లకు అదే నేను ఒంటిగా బస్సెక్కింది.

మంచోళ్ళేనన్నా. కొట్టరు, తిట్టరు. వచ్చినోళ్ళందరికీ మా కోడలు బంగారం అని చెప్తారు. వాకిలి మాత్రం దాటకూడదు. కూరగాయలు ఇంటికే వస్తాయి. జాకెట్లు కుట్టే ఆమె ఇంటికే వస్తాది. మా ఆయన ఉమాశంకర్, నీకేం కావాల్నో చెప్పు, నేను తెస్తా కదా అంటాడు. రామకుప్పం నుంచి కుప్పం కాలేజీకి స్కూటీలో పోయేదాన్ని నేను. ఏనుగులు తిరిగే దోవ అది. పుంగనూరులో ఎదురంగట్లో సబ్బు తెచ్చుకుంటానంటే, మనింటి ఆడోళ్ళు పోరమ్మా అంటారు.

ఈడికొస్తే నేనేం చేస్తానో తెలుసునా? బస్టాండులో దిగి నేరుగా మీ అంగడికి రాను. టమోటా లారీలు నిలబడే రోడ్డు మీద చుట్టుకోని వస్తా. బండి కాడ నిలబడి రెండు మిరపకాయ బజ్జీలు తింటా. ఈడ కూర్చోని మీ తొట్లన్నీ సూస్తా. మళ్ళా బస్సు. అంతే. మీరు తప్పుగా అనుకోవద్దు, ఎవురూ లేరు నాకు. ఆ నాలుగు గంటలు నేను యాడికి పోతాండానో అడిగేవాళ్ళు ఉండరు. దానికోసరం.

మీరే చెడగొట్టినారు దాన్ని. తొట్టి చిన్నది, పెద్దది కొనమంటిరి. నీళ్ళన్నీ ఒగేసారి మార్చద్దంటిరి. గోల్డ్ ఫిష్‌కు గోల్డ్ ఫిష్షే తోడు, వేరేవి కలపద్దంటిరి. నేను కూడా తెలివిలేక అన్నీ చేస్తి. ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఒగటంటే ఒగటి చావలేదు. పొద్దన లేస్తానే పోయి లెక్క పెట్టేదాన్ని. తొమ్మిది. మర్నాడూ తొమ్మిదే. మామకు బీపీ కూడా దిగింది. ఇంట్లో అందురూ సంతోషంగా ఉండారు, నేను వంటింట్లో కూర్చోని ఏడస్తాండా.

కార్తీకంలో ఒగటి దానంతట అదే పోయింది. పరిగెత్తుకోని వస్తి. ఆ దినం ఒగ టైగర్ బార్బ్ అడిగినా, ఆ చారల చేప, గుర్తుండాదా? ఒగటే వద్దమ్మా, అది ఒంటిగా ఉంటే ఇంగా కొరకతాది, ఆరు తీసుకో అంటిరి. గోల్డ్ ఫిష్ తొట్లో మాత్రం వేయద్దు, తోకలు పీకి చంపతాది అంటిరి. నాకు కాదన్నా, కుప్పంలో మా అక్క పిల్లోళ్ళకు, ఒగటి చాలు అన్నా.

నాకు అక్క లేదు.

అవును, దాన్నే వేసినా. ఏమ్మా, చారలుండాయే అని మామ అడిగినాడు. రెక్కలు సూడండి మామా, ఎర్రదే అన్నా. సరే తల్లీ అన్నాడు. నేనేం చెప్పినా నమ్మతారు వాళ్ళు. అదొగటి ఉండాది నన్ను సంపేదానికి.

శివరాత్రి కూడా కాలేదు, అప్పుడే ఐదుసార్లు వచ్చినా. మనింటి మీద ఎంత దిష్టి ఉండాదో సూడండి అని మా అత్త వీధంతా చెప్పుకుంటాంది, రవంత గొప్పగానే. మామే భయపడి మీకు ఫోన్ చేసినట్లుండాడు.

నల్లదాని తోక పీలికలైపోయిందన్నా. మోటర్ యెనకాల దాక్కోని ఉంటాది. ఎవురు పోయినా బయటికి రాదు, నేను పోతే మాత్రం వస్తాది. మేత వేసేది నేనే కదా. దాని కండ్లు మామూలుగానే బయటికి ఉంటాయి, నా పక్కే సూస్తాండేట్లుంటాది. రెండు దినాలుగా ఆ పక్కకు పోకుండా దూరం నుంచే మేత ఇసిరేస్తాండా. నేను చేసే పని మంచిది కాదు. నాకు తెలుసు.

ఆ చారలది తెచ్చి ఇచ్చేయ్, ఎవరికీ చెప్పను అంటారా? మీరు మంచోరు కాబట్టి అంటాండారు. ఇచ్చేస్తే తొమ్మిదీ బతకతాయి. మళ్ళా నేను ఈడికి ఏమని చెప్పి వచ్చేది?

ఇంట్లో అడిగినా అన్నా. అడగలేదని అనుకోవద్దు. ఊరికే అట్ల పోయొస్తానని రెండుసార్లు అడిగినా. యాలమ్మా, నీకేం తక్కువ ఈడ అన్నారు. దానికేం చెప్పాల? తిండికి తక్కువ లేదు, బట్టకు తక్కువ లేదు. లోపలికి పోయి పప్పు ఎనిపినా.

మామకు మీరే ఫోన్ చేయండి. ఆదివారం పనుండాది, రాలేను అనండి. నీళ్ళదే తప్పు, అమ్మాయి బాగానే సూసుకుంటాంది అనండి. ఆ ఒక్క మాట చెప్పండి నాకోసరం. నాలుగున్నరకు బస్సుండాది.

రెండు ఎర్రవి కవర్లో కట్టండి. అవి కాదు, పక్క తొట్లోవి. తోక పొడుగుండేవి సూసి ఇయ్యండన్నా. పొట్టి తోకవైతే తొందరగా చావవు.